పిస్టలా, రైఫిలా, షాట్‌గన్నా? ఒకదానికి ఫిక్స్ అయ్యే ముందు మిగతావీ పట్టి చూడండి

షూటింగ్ నేర్చుకుందామని రేంజ్‌కి వెళ్లిన మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న: పిస్టలా, రైఫిలా? చాలామంది దీనికి ఆలోచించి జవాబు చెప్పరు. ఆ రోజు ఏ లేన్ ఖాళీగా ఉంటే అది పట్టుకుంటారు, లేదా కోచ్‌కి ఏది బాగా వచ్చో అదే నేర్చుకుంటారు. ఈ మధ్య పతకం ఎవరికి వచ్చిందన్నదాన్ని బట్టి కూడా మోజు మారుతుంది. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినప్పుడు ఎయిర్ రైఫిల్, 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలిచాక ఎయిర్ పిస్టల్.

ఇలా మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా మూడు నెలలు తిరగకముందే సొంత గన్ కొనేయడంలో ఉంది. దిగుమతి చేసుకున్న మ్యాచ్ గన్ (పోటీల్లో వాడేది) సాధారణంగా లక్ష దాటుతుంది. ఆ తర్వాత అది పిల్లవాడికి నప్పినా నప్పకపోయినా "ఇంత డబ్బు పోశాం కదా" అని అందులోనే కొనసాగిస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టే ముందు కనీసం మూడు రకాల షూటింగ్ స్వయంగా చేసి చూడాలి. ఒకదాంట్లో కుదురుకున్నాక కూడా, సమయం చూసుకుని, రెండో ఈవెంట్ ఒకటి పక్కన పెట్టుకోవాలి. అయితే ఏ రెండు పడితే ఆ రెండు కలవవు. కొన్ని జంటలు ఒకదాన్నొకటి పెంచుతాయి, కొన్ని అప్పటిదాకా వచ్చింది కూడా చెడగొడతాయి.

## ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుంది?

షూటింగ్‌లో ఈవెంట్లు శాశ్వతం కావు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం గెలిచిన డబుల్ ట్రాప్ (ఒకేసారి ఎగిరే రెండు మట్టి పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే పోటీ) ఇప్పుడు ఒలింపిక్స్‌లో లేదు. టోక్యో నుంచి దాన్ని తీసేశారు. పురుషుల 50 మీటర్ల పిస్టల్, 50 మీటర్ల ప్రోన్ (పడుకుని రైఫిల్‌తో కొట్టేది) కూడా అప్పుడే పోయాయి. ఆ మూడింటి స్థానంలో మిక్స్‌డ్ టీమ్ పోటీలు వచ్చాయి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో జీతూ రాయ్ స్వర్ణం గెలిచింది ఆ 50 మీటర్ల పిస్టల్‌లోనే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో అయితే షూటింగ్‌కే చోటు లేకుండా పోయింది.

ఇలాంటి దెబ్బ తట్టుకోవడం ఎలాగో కిమ్ రోడ్‌ని చూస్తే తెలుస్తుంది. ఈ అమెరికా షూటర్ 1996లో, 2004లో డబుల్ ట్రాప్ స్వర్ణాలు గెలిచింది. ఏథెన్స్ తర్వాత మహిళల డబుల్ ట్రాప్‌ని ఎత్తేశారు. ఆమె షాట్‌గన్‌లోనే ఇంకో ఈవెంట్ అయిన స్కీట్ మీద పడి 2008లో రజతం, 2012లో స్వర్ణం, 2016లో కాంస్యం తెచ్చుకుంది. 2000లో వచ్చిన కాంస్యంతో కలిపి వరుసగా ఆరు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకాలు! ఒక్క డబుల్ ట్రాప్‌నే పట్టుకుని కూర్చుంటే ఆ లెక్క మూడు దగ్గరే ఆగేది.

మన హైదరాబాద్ వాళ్లనే చూడండి. ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. అందులో రెండు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌వి, రెండు 25 మీటర్ల పిస్టల్‌వి. పారిస్‌లో ఆమె ఆడింది 25 మీటర్ల ఈవెంట్. గగన్ నారంగ్‌కి 2012 లండన్‌లో కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అని అందరికీ గుర్తుంటుంది. అదే ఒలింపిక్స్‌లో అతను 50 మీటర్ల ప్రోన్, త్రీ పొజిషన్ (మూడు భంగిమల్లో కొట్టేది) కూడా ఆడాడన్నది చాలామందికి గుర్తుండదు. ఇటలీకి చెందిన నికోలో కాంప్రియానీ 2016 రియోలో ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల త్రీ పొజిషన్ రెండింట్లోనూ స్వర్ణాలు పట్టుకెళ్లాడు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

మాస్టర్ కన్ను, అంటే గురి చూసేటప్పుడు మెదడు ఎక్కువగా నమ్మే కన్ను. అది ఏదో చాలామంది కోచ్‌లు మొదటి రోజే చూస్తారు. మీ కోచ్ చూడకపోతే ఇంట్లోనే చూసుకోండి. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి ఎదుటి గోడ మీది స్విచ్‌బోర్డును రెండు కళ్లతో చూడండి. చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయండి. బోర్డు ఇంకా కనిపిస్తుంటే మీ మాస్టర్ కన్ను కుడిది. మాయమైతే ఎడమది. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను మాస్టర్ అయితే పిస్టల్‌లో పెద్ద ఇబ్బంది ఉండదు, తల కొంచెం తిప్పుకుంటే, గ్రిప్ కొంచెం సర్దుకుంటే సరిపోతుంది. రైఫిల్‌లో రెండో కంటికి బ్లైండర్ (చూపుకి అడ్డుపెట్టే పట్టీ) పెట్టుకుని నెట్టుకురావచ్చు, చిన్నపిల్లలైతే ఎడమ భుజానికి మార్చేయడమే మేలు. షాట్‌గన్‌లో మాత్రం రెండు కళ్లూ తెరిచి కొట్టాలి కాబట్టి గన్ ఒకవైపు, మాస్టర్ కన్ను ఇంకోవైపు అయితే మొదటి నుంచీ తలనొప్పే.

ఒళ్లు. ఎయిర్ పిస్టల్ ఒక్క చేత్తో, ఏ ఆసరా లేకుండా పట్టుకోవాలి. బరువు కిలోన్నరకు మించకూడదు. వినడానికి తక్కువే, అరవయ్యో షాట్ దగ్గర భుజాన్ని అడగండి. ఎయిర్ రైఫిల్ ఐదున్నర కిలోల వరకు ఉండొచ్చు. నడుము కొంచెం వెనక్కి వంచి, ఎముకల మీద బరువు మోపి నిలబడాలి. నడుంనొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే రైఫిల్ పట్టుకోవాలి.

స్వభావం. ఒకే పనిని అరవైసార్లు విసుగు లేకుండా చేయగలరా? లేక రెండు మూడు సెకన్లలో తేల్చేసే పని మీకు హాయిగా ఉంటుందా? ఈ ప్రశ్నకు తల్లిదండ్రులు చెప్పే జవాబును నేను అంతగా నమ్మను. అల్లరి పిల్లలు లేన్‌లో బొమ్మల్లా నిలబడటం, ఇంట్లో నోరెత్తని పిల్లలు ట్రాప్ రేంజ్‌లో గొంతెత్తి "పుల్" అని అరవడం మామూలే. ట్రయల్ ఇప్పించండి, అదే తేలుతుంది.

రోజు ఖర్చు. గన్ ధర అందరూ అడుగుతారు, ప్రాక్టీస్ ఖర్చు ఎవరూ అడగరు. ఎయిర్ గన్‌లో షాట్‌కి ఒక పెల్లెట్ పోతుంది, అది అన్నిటికంటే చవక. .22 తూటా (25, 50 మీటర్ల ఈవెంట్లలో వాడేది) దానికి కొన్ని రెట్లు. ట్రాప్‌లో ఒక్కో క్లేకి (గాల్లోకి ఎగరేసే మట్టి పళ్లేనికి) రెండు తూటాల దాకా పేల్చవచ్చు, అంటే 25 క్లేల రౌండ్‌కి 50 తూటాల వరకు, పైన క్లేల డబ్బు వేరే.

రేంజ్, లైసెన్స్. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. .22 అయినా, 12 బోరు షాట్‌గన్ అయినా లైసెన్స్ కావాలి, లేదా రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం తీసుకుని వాళ్ల గన్‌తో వాళ్ల రేంజ్‌లోనే ప్రాక్టీస్ చేయాలి. 10 మీటర్ల రేంజ్ ఒక పెద్ద హాల్లో పడుతుంది, అందుకే పట్టణాల్లో కూడా కనిపిస్తోంది. ట్రాప్, స్కీట్‌కి ఊరి బయట పెద్ద మైదానం కావాలి. తెలుగు రాష్ట్రాల్లో దానికి ఎక్కువమంది గచ్చిబౌలి వైపు చూడాల్సిందే.

అన్నీ ఒక్కచోట చూస్తే ఇలా ఉంటుంది:

| ఈవెంట్ | మ్యాచ్ తీరు | లైసెన్స్ | ప్రాక్టీస్ ఖర్చు | ముఖ్యంగా నేర్పేది |
|---|---|---|---|---|
| 10 మీ. ఎయిర్ పిస్టల్ | 60 షాట్లు, 75 నిమిషాలు | అక్కర్లేదు | తక్కువ | ట్రిగ్గర్, ఓర్పు |
| 10 మీ. ఎయిర్ రైఫిల్ | 60 షాట్లు, 75 నిమిషాలు | అక్కర్లేదు | తక్కువ, కానీ జాకెట్, ట్రౌజర్ అదనం | నిలకడ, ప్రతి షాట్‌నూ ఒకేలా చేయడం |
| 25 మీ. పిస్టల్ (మహిళలు) | 30 ప్రెసిషన్, 30 ర్యాపిడ్ | కావాలి | మధ్యస్థం | నెమ్మది నుంచి వేగానికి మారడం |
| 25 మీ. ర్యాపిడ్ ఫైర్ (పురుషులు) | 5 షాట్ల సిరీస్‌లు 8, 6, 4 సెకన్లలో | కావాలి | మధ్యస్థం | లయ, తెగింపు |
| 50 మీ. త్రీ పొజిషన్ | మోకాలిపై, పడుకుని, నిలబడి 20 చొప్పున | కావాలి | మధ్యస్థం కంటే ఎక్కువ | గాలి చదవడం, సమయం పంచుకోవడం |
| ట్రాప్ | 125 క్లేలు, ఒక్కోదానికి రెండు షాట్ల అవకాశం | కావాలి | చాలా ఎక్కువ | చూపు, తక్షణ స్పందన |
| స్కీట్ | 125 క్లేలు, ఒక్కోదానికి ఒకటే షాట్ | కావాలి | ఎక్కువ | గన్‌ని క్లేతో పాటు నడిపించడం |

## ఎయిర్ పిస్టల్

తక్కువ సామానుతో మొదలుపెట్టగలిగేది ఇదే. పిస్టల్, పెల్లెట్లు, అడుగు చదునుగా ఉన్న బూట్లు. ప్రత్యేక జాకెట్ అవసరం లేదు. కానీ మొదటి ఆరు నెలలు ఏడిపించేది కూడా ఇదే. చెయ్యి ఊగుతూనే ఉంటుంది, ఎవరి చెయ్యైనా ఊగుతుంది. ఆ ఊపు ఆగాక కొడదామని కూర్చున్నవాడు ట్రిగ్గర్‌ని లాగిపడేస్తాడు. ఊగుతున్నా సరే, చూపు ముందు సైట్ (బారెల్ కొసన ఉండే గురి గుర్తు) మీదే ఉంచి, టార్గెట్ మసకగా కనిపిస్తున్నా పట్టించుకోకుండా, వేలు మాత్రం ఒకే ఒత్తిడితో వెనక్కి తేవడం నేర్చుకోవాలి. టార్గెట్‌లో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఊపుని కొంత మన్నిస్తుంది. గుంజిన ట్రిగ్గర్‌ని మాత్రం మన్నించదు.

క్వాలిఫికేషన్‌లో స్కోరు పూర్ణాంకాల్లో లెక్కిస్తారు, 600కి. పది అంచున తగిలినా పదే, నడిమధ్యన తగిలినా పదే. అందుకని స్కోరు మొదట్లో త్వరగా పెరిగి, ఒక చోటికి వచ్చాక నెలల తరబడి కదలదు. రెండో ఈవెంట్ గురించి ఎక్కువగా అడిగేది అక్కడ ఇరుక్కున్నవాళ్లే. వాళ్ల సంగతి కిందకి వస్తాను.

## ఎయిర్ రైఫిల్

ఇక్కడ పది అంటే అర మిల్లీమీటర్ చుక్క. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, అంటే కొట్టాల్సిన చుక్క కంటే పెల్లెట్ తొమ్మిది రెట్లు పెద్దది. పైగా స్కోరు దశాంశాల్లో. అన్నీ పదులే కొట్టినా ఒకరికి 600, ఇంకొకరికి 654 వరకు రావచ్చు. పది కొట్టడం ఒక స్థాయి, 10.5 మీద నిలబడటం ఇంకో స్థాయి.

దీనికి తగ్గ సరంజామా ఉంది: బిగుతైన జాకెట్, ట్రౌజర్, గ్లవ్, బూట్లు. వాటి మందం, గట్టిదనం పోటీకి ముందు కొలిచి చూస్తారు. మే నెలలో కూలర్ లేని హాల్లో ఈ జాకెట్ వేసుకుని గంటసేపు నిలబడటం ఎలా ఉంటుందో పిల్లలకి ముందే చెప్పండి. ఇంకో చిక్కు, ఎదిగే పిల్లలకి జాకెట్ ఏడాదిన్నరకే బిగుసుకుపోతుంది. అందుకే పన్నెండేళ్ల లోపు పిల్లలకి ముందు ఓపెన్ సైట్ (తెరిచి ఉన్న గాడిలోంచి గురి చూసే) ఎయిర్ రైఫిల్‌తో ఒక ఏడాది గడిపించి, తర్వాత పీప్ సైట్‌కి (చిన్న రంధ్రంలోంచి గురి చూసేదానికి) మార్చడం నాకు నచ్చే దారి. ఓపెన్ సైట్‌కి మన దేశంలో జాతీయ నిబంధనల కింద విడిగా పోటీలు కూడా ఉన్నాయి.

రైఫిల్ గొప్పతనం ఏంటంటే, తప్పు ఎక్కడుందో దాచదు. కాళ్ల స్థానం రెండు సెంటీమీటర్లు మారినా గ్రూపింగ్ (షాట్లన్నీ పడిన గుంపు) పక్కకి జరిగి చూపిస్తుంది. లెక్కగా, డైరీ రాసుకుంటూ పనిచేసే తీరు ఉన్నవాళ్లు ఇందులో సుఖపడతారు. "ఇవాళ మూడ్ లేదు" అనేవాళ్లు త్వరగా విసిగిపోతారు.

## 25 మీటర్లు: అదే చెయ్యి, వేరే మెదడు

మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో మొదటి సగం ప్రెసిషన్, అంటే నిదానంగా గురి చూసి కొట్టేది, ఐదు షాట్లకు ఐదు నిమిషాలు. ఎయిర్ పిస్టల్ వచ్చినవాళ్లకు ఇది పరిచయమైన ఇల్లే. రెండో సగం ర్యాపిడ్. చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించి ఆగాలి. పచ్చ లైట్ వెలిగాక మూడు సెకన్లలో చెయ్యి లేపి ఒక్క షాట్. ఏడు సెకన్ల విరామం. మళ్లీ మూడు సెకన్లు. ఇలా ఐదు. ఆలోచించే వ్యవధి ఉండదు, ఉండకపోవడమే దీని అందం. పురుషుల ర్యాపిడ్ ఫైర్ ఇంకా కఠినం. పక్కపక్కన ఐదు టార్గెట్లు, నాలుగు సెకన్లలో ఐదింటినీ కొట్టాలి. 2012 లండన్‌లో విజయ్ కుమార్ రజతం గెలిచింది ఇందులోనే.

ట్రిగ్గర్ బరువు కూడా మారుతుంది. ఎయిర్ పిస్టల్‌లో కనీసం 500 గ్రాములు, 25 మీటర్లలో కనీసం 1000. పైగా .22 కాబట్టి కొద్దిగా తన్నుతుంది. ఫైనల్లో పది కొట్టడమూ చాలదు, మహిళల ఫైనల్లో 10.2 లేదా పైన వస్తేనే హిట్. మను భాకర్ పారిస్‌లో మూడో పతకాన్ని ఈ ఈవెంట్‌లో షూటాఫ్‌లోనే (స్కోరు సమమైనప్పుడు తేల్చే అదనపు షాట్లలో) చేజార్చుకుని నాలుగో స్థానంలో ఆగింది.

## 50 మీటర్ల త్రీ పొజిషన్

నా ఓటు అడిగితే, షూటింగ్ మొత్తాన్నీ నేర్పే ఈవెంట్ ఇది. మోకాలి మీద, పడుకుని, నిలబడి, మూడు భంగిమల్లో ఇరవై చొప్పున. మధ్యలో రైఫిల్ మీద భుజానికి ఆనే బట్‌ప్లేట్, చెంపకు ఆనే చీక్‌పీస్, చేతికి బిగించే స్లింగ్ అన్నీ సర్దుకోవాలి. గడియారం అప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది. ఎదురుగా గాలి జెండాలు. 50 మీటర్ల దూరంలో పది 10.4 మిల్లీమీటర్లే, గాలి బుల్లెట్‌ని పక్కకి నెట్టేస్తుంది. ఆగాలా, సైట్ తిప్పాలా, జెండా పడిపోయే క్షణం కోసం చూడాలా అన్నది ప్రతి షాట్‌కీ మీరే తేల్చుకోవాలి. స్వప్నిల్ కుసాలే పారిస్‌లో తెచ్చిన కాంస్యం ఈ ఈవెంట్‌లో భారత్‌కి మొదటి ఒలింపిక్ పతకం.

అందుబాటు మాత్రం తక్కువ. 50 మీటర్ల రేంజ్, .22 రైఫిల్, దాని బారెల్‌కి కుదిరే బ్యాచ్ తూటాలు, ఇవన్నీ దొరికే చోటు దగ్గర్లో లేకపోతే దీని గురించి ఇప్పుడే మనసు పాడుచేసుకోకండి. ఎయిర్ రైఫిల్ స్టాండింగ్ గట్టిగా వస్తే ఇందులో కష్టమైన మూడో వంతు చేతిలో ఉన్నట్టే.

## ట్రాప్, స్కీట్

బయటి నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటే. ఎగిరే మట్టి పళ్లెం, పేలే తుపాకీ. లోపల పూర్తిగా వేరు.

ట్రాప్‌లో గన్ ముందే భుజానికి ఆనించుకుని "పుల్" అనొచ్చు. కానీ క్లే ఎటు పోతుందో తెలీదు, ఎదురుగా భూమిలోని ట్రెంచ్ నుంచి దూరంగా, ఎడమకో కుడికో దూసుకుపోతుంది. మొదటి షాట్ తప్పితే రెండోది ఉంది. స్కీట్‌లో క్లే ఏ దారిలో వస్తుందో ముందే తెలుసు, ఒకటి ఒక పక్కన ఎత్తులో ఉన్న హై హౌస్ నుంచి, ఒకటి ఇంకో పక్కన తక్కువ ఎత్తులో ఉన్న లో హౌస్ నుంచి. కానీ గన్ నడుము దగ్గర పట్టుకోవాలి, పిలిచాక సున్నా నుంచి మూడు సెకన్లలో ఎప్పుడైనా రావచ్చు, ఒకటే షాట్. కొన్ని స్టేషన్లలో (నిలబడి కొట్టే చోట్లలో) రెండు క్లేలూ ఒకేసారి. తెలియనిదానికి స్పందించడం ఇష్టమైతే ట్రాప్, కదలికను సాధన చేసి చేసి నున్నగా చేసుకోవడం ఇష్టమైతే స్కీట్.

హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ హాంగ్‌జౌలో ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. కాబట్టి ఇక్కడ ఉండి పైకి రాలేమన్న మాట లేదు. ఖర్చు విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇంట్లో దీనికి నెలనెలా డబ్బు సర్దగలిగితేనే, లేదా పోలీసు, సైన్యం వంటి చోట్ల నుంచి మద్దతు ఉంటేనే దీర్ఘకాలం సాగుతుంది. ఒకటి రెండు రౌండ్లు కొట్టి చూడటం మాత్రం ఏ షూటర్‌కైనా మంచిదే.

## ఏది దేనికి జతవుతుంది?

ఎయిర్ రైఫిల్‌కి 50 మీటర్లు. ఇంతకంటే మంచి జంట లేదు. ముందు ప్రోన్ చేయండి. పడుకుని కొట్టేటప్పుడు రైఫిల్ దాదాపు కదలదు, కాబట్టి షాట్ గురి తప్పిందంటే ఆ తప్పు ట్రిగ్గర్‌దో, గాలిదో, మీ తొందరదో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తెలివి తిరిగి 10 మీటర్ల లేన్‌లో పనికొస్తుంది. పారా షూటర్ అవని లేఖరా టోక్యో పారాలింపిక్స్‌లో 10 మీటర్ల స్వర్ణంతో పాటు 50 మీటర్ల త్రీ పొజిషన్ కాంస్యం కూడా గెలిచింది.

ఎయిర్ పిస్టల్‌కి 25 మీటర్లు. స్కోరు నెలల తరబడి కదలనివాళ్లకు మొదట చెప్పే మందు. అలా ఆగిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఉండే జబ్బు, సైట్ బాగానే కుదిరినా ఇంకా బాగా కుదరాలని చెయ్యి అలసిపోయేదాకా పట్టుకుని కూర్చోవడం. ర్యాపిడ్‌లో మూడు సెకన్లలో కొట్టేయాలి కాబట్టి ఆ అలవాటు సాగదు. కానీ వరుసగా కొన్ని రోజులు ర్యాపిడ్ చేశాక ఎయిర్ పిస్టల్ పట్టుకుంటే వేలు గుంజడం మొదలవుతుంది. ఒకే రోజు రెండూ చేయాల్సివస్తే ఎయిర్ ముందు, ర్యాపిడ్ తర్వాత. ఎయిర్ పోటీకి ముందు వారం ర్యాపిడ్ పూర్తిగా ఆపేయండి.

పిస్టల్‌కి రైఫిల్, రైఫిల్‌కి పిస్టల్. నేర్చుకోవడానికి సరే, రెండింట్లోనూ పోటీపడటానికి వద్దు. పిస్టల్ వాళ్లు కొన్ని రోజులు రైఫిల్‌ని స్టాండ్ మీద ఆనించి కొడితే, చెయ్యి ఊగే గోల లేకుండా శుభ్రమైన ట్రిగ్గర్ ఎలా ఉంటుందో వేలికి తెలుస్తుంది. అంతవరకే. రెండింటి భంగిమా వేరు, కండరాలూ వేరు.

షాట్‌గన్‌కి మిగతావి. ఇక్కడే జాగ్రత్త. పిస్టల్‌లో చూపు సైట్ మీద, టార్గెట్ మసక. షాట్‌గన్‌లో చూపు మొత్తం క్లే మీద, బారెల్ ఉందన్న ధ్యాసే ఉండకూడదు. పూర్తిగా తిరగబడిన అలవాటు. ఏడాది కూడా నిండని పిస్టల్ షూటర్ వారం వారం ట్రాప్ కొడితే రెండూ చెడతాయి. నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి మాత్రం ఇందులో ఒక గొప్ప లాభం ఉంది. పోయిన క్లే గురించి ఏడవడానికి టైమ్ ఉండదు, తోటివాళ్లు కొట్టేశాక వెంటనే మళ్లీ మీ వంతు. ఒక్క ఎనిమిది పడితే తర్వాతి పది షాట్లూ టెన్షన్‌తో పాడుచేసుకునే వాళ్లకి ఈ పాఠం లేన్‌లో నిలబడి ఎంత చెప్పినా ఎక్కదు.

పోటీల సంగతి కూడా లెక్కలో వేసుకోండి. రాష్ట్ర స్థాయి, సౌత్ జోన్, మావ్‌లంకర్ (నేషనల్స్‌కి ముందు జరిగే అఖిల భారత పోటీ), ఆపైన నేషనల్స్ దాకా ప్రతి ఈవెంట్‌కీ విడిగా ఎంట్రీ ఫీజు, విడిగా అర్హత స్కోరు. రెండో ఈవెంట్‌కి పేరిచ్చేముందు ప్రాక్టీస్‌లో ఆ స్కోరు ఇబ్బంది లేకుండా వస్తోందా అని చూసుకోవాలి. ఊరికే రెండింట్లో పేరుంటే బావుంటుందని ఇవ్వకండి.

## మీరు ఎవరు?

పది, పన్నెండేళ్ల పిల్లల తల్లిదండ్రులు. రెండు మూడు నెలలు అకాడమీ గన్‌తోనే సాగనివ్వండి. అందులోనే పిస్టల్‌కి కొన్ని రోజులు, రైఫిల్‌కి కొన్ని రోజులు ఇవ్వమని కోచ్‌ని అడగండి. "ఒకేదాని మీద ఫోకస్ ఉండాలి" అని కోచ్ మొదటి నెలలోనే అంటే, ఆ అకాడమీలో గన్లు అమ్మే వ్యాపారం కూడా ఉందేమో ఒకసారి చూసుకోండి. ట్రయల్‌లో స్కోరు చూడొద్దు, గ్రూపింగ్ చూడండి. ఏడు వలయంలో పడినా పది పెల్లెట్లూ ఒకేచోట పడుతున్నాయంటే సైట్ సర్దితే సరిపోతుంది. అటూ ఇటూ చెదిరి ఒకటి రెండు పదులు వచ్చినవాడి కంటే వాడే ముందుంటాడు.

ఉద్యోగం చేస్తూ వారానికి రెండు రోజులు వచ్చేవాళ్లు. ఎయిర్ పిస్టల్. ఇంట్లో గోడ ముందు నిలబడి డ్రై ఫైరింగ్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన) చేసుకోవచ్చు, రేంజ్‌కి రాని రోజులు వృథా పోవు. రెండో ఈవెంట్ గురించి మొదటి ఏడాది ఆలోచించకండి. సరదా కోసం ఆర్నెల్లకోసారి ట్రాప్ రౌండ్ కొడితే చాలు.

నలభై దాటినవాళ్లు. చత్వారం మొదలైతే పిస్టల్‌లో చేతి దూరంలోని ముందు సైట్ మసకబారుతుంది. దానికోసం ప్రత్యేకంగా షూటింగ్ కళ్లద్దాలు చేయించుకోవాలి. రైఫిల్ పీప్ సైట్‌లోని చిన్న రంధ్రం ఈ ఇబ్బందిని చాలావరకు తీసేస్తుంది. నడుం సహకరిస్తే ఈ వయసుకి రైఫిలే సుఖం, 50 మీటర్ల ప్రోన్ దొరికితే ఇంకా సుఖం. ఒలింపిక్స్ నుంచి తీసేసినా ప్రోన్ పోటీలు మిగతా చోట్ల జరుగుతూనే ఉన్నాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లు. ఇంగ్లండ్‌లో 1997 నాటి చట్టాల వల్ల మామూలు వ్యక్తి .22 పిస్టల్ ఉంచుకోలేడు, కాబట్టి 25 మీటర్ల మీద ఆశ పెట్టుకోవద్దు. ఎయిర్ పిస్టల్‌కి, క్లబ్‌లో .22 రైఫిల్‌కి దారి ఉంది. అమెరికాలో అన్నీ దొరుకుతాయి, ఇక్కడ వినని ప్రాక్టికల్ షూటింగ్, స్పోర్టింగ్ క్లేస్ లాంటివి కూడా. కానీ హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడంపై అక్కడి ఫెడరల్ చట్టం నిషేధం పెట్టి, కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఇచ్చింది. స్నేహితుడు రేంజ్‌కి రమ్మన్నాడని వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఆ చట్టంలో ఎయిర్ గన్ తుపాకీ కింద లెక్కకు రాదు, రాష్ట్రాల నియమాలు వేరే ఉండొచ్చు.

అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకైతే కాలేజీ రైఫిల్ జట్టు ఒక మంచి దారి. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) పోటీల్లో అమ్మాయిలు, అబ్బాయిలు కలిసే ఆడతారు. జట్టు స్కోరులో ఎయిర్ రైఫిల్‌తో పాటు .22 త్రీ పొజిషన్ కూడా ఉంటుంది. ఎయిర్ రైఫిల్ ఒక్కటే నేర్పించి పంపితే సగం మ్యాచే నేర్పినట్టు. స్మాల్‌బోర్ (.22 రైఫిల్) ఉన్న క్లబ్ మీ ఇంటికి ఎంత దూరమో హైస్కూల్ మొదట్లోనే చూసి పెట్టుకోండి.